ఇంజన్ మూతికి కట్టిన చీర

మొన్న పొద్దున కరీంనగర్‌లో మా అవ్వగారింట్లో, అంటే పుట్టింట్లో, ఉండగా ఫోన్ మోగింది. "బాపు పోయిండు. నిద్రలనే పోయిండు. నువ్వు రా," అన్నారు మా ఆయన. ఆదిలాబాద్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఊళ్లు దాటేకొద్దీ రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు చిక్కుకున్న పత్తి కనబడసాగింది. మిల్లులకు పోయే లారీల్లోంచి దారి పొడవునా అలా కొంత రాలుతుంది. పోతున్నది మామ పోయిన ఇంటికని తెలుసు. అయినా ఆ తెల్లదనం చూస్తూ చూస్తూ కళ్లు మూతలుపడ్డాయి. మామ డ్యూటీ దిగి ఎదురొస్తున్నట్టే అనిపించింది.

మా మామ జిన్నింగ్ మిల్లులో ఇంజన్ మేస్త్రి. పత్తి నుంచి గింజను వేరుచేసే ఆ మిల్లులో కరెంటు పోతే పెద్ద డీజిల్ ఇంజన్ నడిపేది ఆయనే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. వాకిట్లో నిలబడి తుండుగుడ్డతో దులుపుకుంటే దూది నూగు ఎండలోకి లేచి, దిగే తొందరేమీ లేనట్టు తేలుతూ ఉండేది. కొత్తగా కాపురానికొచ్చిన నేను చేతిలో చెంబు మరిచి చూస్తుండిపోయేదాన్ని. "ఏంది బిడ్డా గట్ల చూస్తవ్? ముసలోన్ని కాలే, దూది పడ్డది గంతే," అనేవారు.

మాట తక్కువ, చెవి ఎక్కువ ఆయనకు. సైలెన్సర్ గొట్టం మీద రెండు నీటిబొట్లు చిలకరించి, ఆ చుయ్‌మనే చప్పుడును బట్టి ఇంజన్ ఎంత కాగిందో చెప్పేవారట. ఇంట్లో నేను జొన్నరొట్టెలకు పెనం పెట్టి నీళ్లు చిలకరిస్తే, అవతలి గదిలోంచే "జర ఆగు, ఇంక కాగలే," అనేవారు. ఆయన మాట ఎప్పుడూ తప్పలేదు.

అప్పట్లో మా ఆయన మోటార్ సైకిల్‌కు ఎయిర్ ఫిల్టర్ పీకేసి, ఊరంతా చప్పుడు చేసుకుంటూ తిరిగేవారు. కొన్నాళ్లకే సైలెన్సర్ మొదట్లో నీలం రంగు తిరిగింది. మామ వంగి చూశారు. "గాలి ఎక్కువ పోతుంది, పెట్రోలు గంతే ఉన్నది. గాలిల పెట్రోలు పలుచబడ్డది. గందుకే కాగుతుంది. ఫిల్టర్ పెట్టు," అన్నారు. మా ఆయన మొహం మాడ్చుకుని పెట్టుకున్నారు. గడప దగ్గర బియ్యం ఏరుతూ నేనూ విన్నాను. గాలి పెరిగితే వేడి, తగ్గితే చల్లన, అంతేగదా అనుకున్నాను. మిడిమిడి జ్ఞానం ఎంత ముప్పో అప్పటికి తెలియదు.

ఆ సీజన్‌లోనే మామ నన్నొక పాత వాయిల్ చీర అడిగారు. మిల్లు గాలి నిండా నూగే. అది లోపలికి పోకుండా, ఇంజన్ గాలి పీల్చే మూతికి పలుచటి గుడ్డను సంచిలా తొడిగి పూటపూటకూ దులపడం ఆయన పద్ధతి. "సంచి లెక్క కుట్టియ్యి బిడ్డా," అన్నారు. నేను చీరను మూడు మడతలు వేసి దగ్గర దగ్గరగా కుట్టాను. గాలి తగ్గితే ఇంజన్ చల్లగా ఉంటుంది, మామకు కష్టం తగ్గుతుందని నా తెలివి. ఆయన మారుమాట లేకుండా పట్టుకుపోయారు.

మధ్యాహ్నం మిల్లు వైపు నల్లటి పొగ లేచింది. గాలందక డీజిల్ సరిగా మండలేదు. గొట్టం ఎర్రగా కాలి, దాని మీద పేరుకున్న నూగు అంటుకుంది. పక్క షెడ్డులో పత్తి కుప్పలు, ఆ కుప్పల దగ్గర పనిచేసే ఆడవాళ్లు. మామ ఇంజన్ ఆపి, ఇసుక పోసి ఆర్పేశారు. అరచేయి కాలింది. ఇంకాస్త ఆలస్యమైతే మంట ఆ షెడ్డుకు పాకేది.

మిల్లు యజమాని సేఠ్ నిలదీస్తే, "గుడ్డ కట్టింది నేనే, తప్పు నాదే," అన్నారట. ఆ సీజనంతా ఆయన్ను ఇంజన్ దగ్గరికి రానివ్వలేదు, గేటు దగ్గర కూర్చోబెట్టారు. దూరంగా ఇంజన్ చప్పుడు వినిపిస్తే చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయేవారు. ఒకరోజు ఆయనే పిలిచి, ఎవరినీ అననట్టుగా చెప్పారు. "పెట్రోలు బండి గాలి ఎక్కువైతే కాగుతది. డీజిల్ ఇంజన్ గాలి తక్కువైతే కాగుతది. రెండిటికి ఒక్క లెక్క చెయ్యొద్దు బిడ్డా." తలొంచుకుని విన్నాను. మూడు మడతలు కావాలనే వేశానని చెప్పడానికి నోరు రాలేదు. మరుసటి సీజన్‌కు సేఠే పిలిపించుకున్నారు గానీ, నా తప్పుకు ఆయన శిక్ష పడ్డారన్న బాధ నన్ను వదల్లేదు.

కిందటి నెల, ఆయన మంచం పట్టాక, ఉండబట్టలేక చెప్పేశాను. "మామా, గా సంచి మూడు మడతలు నేనే కావాలని ఏసిన. నా వల్లనే గేటు కాడ కూసున్నరు." చెబుతూనే ఏడ్చేశాను.

ఆయన చిన్నగా నవ్వారు. "చేతిల పట్టంగనే తెలిసింది బిడ్డా, మందం ఉన్నదని. ఇప్పుదామని కత్తెర గూడ తీసిన. కొత్తగ వచ్చిన పిల్ల, ఎంత ఓపికతోటి కుట్టిందో అనుకున్న. గా కుట్లు చూస్తే కోయనీకి చేతులు రాలే. ఇంజన్ సంగతి తెలిసినోన్ని నేను, నువ్వు గాదు. నువ్వేం ఫికర్ చెయ్యకు."

ఆయన కళ్లు మూసుకున్నారు. దుప్పటి అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఎన్ని పొరలున్నాయో చూస్తున్నట్టు మెల్లగా రాస్తున్నారు. నిద్రపట్టాక కూడా ఆ వేళ్లు కాసేపు కదులుతూనే ఉన్నాయి.