నాలుగు బుర్రల పెట్టె

ఏసీ గదిలో పనిచేసేవాణ్ని ఆ రోజుల్లో మా రాయదుర్గంలో సగం కలెక్టరుగా చూసేవాళ్ళు. ఎనిమిదో తరగతిలో లెక్కలకూ నాకూ పడక బడికి నేనే సెలవిచ్చేసి (బడి కూడా పెద్దగా బాధపడలేదు), జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో దారాలు కత్తిరించే పనిలో చేరాను. కొన్నేళ్ళకు మా ఓనరన్న నన్ను కంప్యూటరు గదికి మార్చాడు. నా అర్హత ఒక్కటే: దుమ్ము తుడిచేటప్పుడు ఏ వైరూ ఊడబెరకను. మరునాటినుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరు ఎదురైనా చలికి వణుకుతున్నట్టు చేతులు రుద్దుకునేవాణ్ని. ఏసీలోంచి వస్తున్నానని లోకానికి తెలియాలి గదా!

ఆ గదిలో ఉండేది, బెంగళూరులో ఎవరో వాడేసి అమ్మిన సర్వరు. దాంట్లో నాలుగు ప్రాసెసర్లు. "నాది నాలుగు బుర్రల పెట్టె" అని ఓనరన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఎదురు యూనిట్ ఓనరు (మేం మీసాలన్న అనేవాళ్ళం) కుళ్ళుకున్నాడు కూడా. అంతా బాగానే ఉంది గానీ, ఆర్డర్ల వివరాలన్నీ దాచిపెట్టే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కొనబోతే, లైసెన్సు పెట్టెకు కాదు, ప్రాసెసర్‌కు ఒకటి చొప్పున కొనాలని కంపెనీ మనిషి ఫోన్లో చెప్పాడు.

"ఒక బండికి నాలుగెద్దులు కడితే నాలుగు బండ్ల బాడుగ అడుగుతారా ఏమప్పా?" అని ఓనరన్న గొంతు చించుకుని, ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "నాలుగిట్కీ దుడ్లు కట్టి, నీకూ జీతమియ్యాలంటే నాతో కాదురా. మళ్ళా దారాల కాడికే పో."

నా ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి చూసుకున్నాను. "అన్నా, మూడు పీకిచ్చేద్దాం. ఒకదానికే కడదాం" అన్నాను. బెంగళూరు మెకానిక్కు వచ్చి మూడింటినీ పీకి నా చేతిలో పెట్టాడు. మిగిలిన ఒక్కదానితోనే మా పనంతా సుబ్బరంగా నడిచింది.

సంతకాల కోసం కంపెనీ మనిషి వచ్చిన రోజే మీసాలన్న కూడా టీకి దిగబడ్డాడు.

"ప్రాసెసర్లు ఎన్ని?" అన్నాడు కంపెనీ మనిషి.

"ఒకటి సార్" అన్నాను.

మీసాలన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏమప్పా, నాలుగు బుర్రలంటివి! వీడేమో ఒకటే అంటాండాడు?"

ఓనరన్న ముఖం ఎర్రబడింది. "ఎవడన్నాడు ఒకటని? నాలుగుండాయి! నాలుగు!"

కంపెనీ మనిషి రాస్తున్నది ఆపాడు. నా ఉద్యోగం దారాల వైపు నడిచిపోవడం కళ్ళారా చూశాను.

"సార్" అని అడ్డం పడ్డాను. "మా నాయనకు పదెకరాల చేనుండాది. బోరు నీళ్ళు పారేది ఎకరాకే, మిగతాదంతా బీడు. అట్లని మా నాయన పదెకరాల ఆసామి కాకుండా పోయినాడా? మా అన్నవి నాలుగే. ఒకటి నాటినాం, మూడు బీడు పెట్టినాం." బీరువాలోంచి ఆ మూడూ తెచ్చి బల్లమీద పరిచాను.

కంపెనీ మనిషి పడీపడీ నవ్వాడు. పెట్టె మూత తీయించి, లోపల ఒకటే ఉండటం కళ్ళతో చూసుకుని, "బీడుకు లైసెన్సు అక్కర్లేదులే" అని ఒకదానికే సంతకం చేయించుకున్నాడు. "బీడు పెట్టుకునేంత కలిగినోడివి లేప్పా" అని మీసాలన్న గొణిగాడు. ఓనరన్న అది విననట్టు విని, నా భుజం తట్టి, "మా కంప్యూటర్ ఇంజినీరు" అన్నాడు. (ఎనిమిదో తరగతి ఇంజినీరు!)

ఇప్పుడు ఇక్కడి యూనిట్ల సర్వర్లు చాలావరకు నేనే చూస్తున్నాను. ఏ బుర్ర ఏం చేస్తుందో బాగా తెలుసు. తెలిసేకొద్దీ కంపెనీవాళ్ళ ముందు నోరు తెరవడానికి వెనకా ముందూ చూస్తున్నాను. ఒక్క ముక్కా తెలియకుండానే అంత ధీమాగా వాదించిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.