ఎర్ర ప్లేటు, తెల్ల ప్లేటు

మా ప్లేట్లను గుమ్మంలోంచి చూసి పారేయించిన మనిషిని నేను ఇంతవరకూ క్షమించలేదు. ఆయన మా గైడు. దగ్గరికి వచ్చి ఒక్క మూత ఎత్తి చూసినా ఇంత కోపం ఉండేది కాదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న చలికాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. నేను ఎల్‌బీ నగర్ నుంచి వచ్చేదాన్ని. నల్లగొండ పిల్ల ఒకతె చైతన్యపురి హాస్టల్లో ఉండేది. ఇద్దరిదీ ఒకే ప్రాజెక్టు. గైడు సారుది విజయవాడ. మాకిచ్చిన బాక్టీరియా సెరేషియా. ఆస్పత్రుల్లో నీరసించిన రోగుల గాయాల్లో, మూత్రనాళంలో చేరి బాధించే రకం.

మా ల్యాబులో, మూతలున్న గుండ్రటి ప్లేట్లలో పోసిన మేత మీద, అది ఎప్పుడూ తెల్లగానే పెరిగేది. మనిషి ఒంటి వేడి ముప్ఫై ఏడు డిగ్రీలు కాబట్టి రోగక్రిములకు అదొక్కటే సరైన వేడి అని సారు నమ్మకం. క్రిములను పెంచే వెచ్చని పెట్టె ఇంక్యుబేటర్. దాని నాబ్‌ను ముప్ఫై ఏడు దగ్గర పెట్టి, కదలకుండా టేపు అతికించేశారు. ఆ టేపును ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకసారి మేం ప్లేట్లు పెట్టి ఇంటికి వెళ్లగానే బంద్ అన్నారు. కాలేజీ మూస్తూ కరెంటు మెయిన్ ఆపేశారు. పెట్టె చల్లారిపోయింది. మళ్లీ బస్సులు తిరిగాక వచ్చి తలుపు తీస్తే ప్లేట్ల నిండా ఎరుపు.

"ఏందే గిది? నెత్తురు లెక్కున్నది!" అని నా స్నేహితురాలు రెండడుగులు వెనక్కి వేసింది.

సారు గుమ్మంలోనే ఆగారు. "కంటామినేషన్. వేరే క్రిమి ఏదో పడింది. పారేయించండి."

"అన్ని ప్లేట్లల్ల ఒక్కతీరుగ ఎట్ల పడ్తది సార్?" అన్నాను.

"బంద్ రోజుల్లో ఏదైనా పడుద్దమ్మా. మీ వాళ్ల బంద్ కదా, మీకే తెలియాలి."

ఆ మాట కూడా నేను మర్చిపోలేదు. సాయంత్రంలోగా ప్లేట్లన్నీ, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో ఉడికిపోయాయి.

నేను లైబ్రరీలో కూర్చుని పుస్తకాలు తిరగేస్తే సంగతి దొరికింది. బాక్టీరియాకున్న జన్యువులన్నీ ఎప్పుడూ పనిచేయవు. చుట్టూ ఉన్న వేడి, తేమ, తిండి మారినప్పుడల్లా అది కొన్నిటిని తెరుస్తుంది, కొన్నిటిని మూస్తుంది. నీళ్లలో, మట్టిలో ఒక రకంగా బతుకుతూ, మన ఒంటి వేడి తగలగానే లోపలికి వచ్చేశానని గుర్తుపట్టి, జబ్బు చేసే జన్యువులను తెరిచే రకాలు కూడా ఉన్నాయి. మా సెరేషియా చల్లగా ఉంటే ఎర్ర రంగు చేసుకుంటుంది, ఒంటి వేడికి మానేస్తుంది. కొత్త క్రిమి ఏదీ పడలేదు. మాదే, ఉన్న జన్యువుల్లోనే మూసినవాటిని తెరుచుకుంది.

ఇదంతా చెబితే సారు వినలేదు. 'కంటామినేషన్ వల్ల మొదటి ఫలితాలు చెడిపోయాయి' అని రిపోర్టులో రాస్తేనే సంతకం పెడతానన్నారు. ఆ సంతకం లేకపోతే వైవా లేదు, డిగ్రీ లేదు.

"రాసిపారెయ్ రాదే. నీతోని నాది గూడ ఆగమైతది," అంది స్నేహితురాలు.

"తప్పు మనది గానప్పుడు ఎందుకు రాయాలె?"

"తప్పెవలదైతేంది, నాకు పాసైతె చాలు."

బంద్‌లు, రాస్తారోకోల మధ్య ప్రయోగం మళ్లీ చేసేసరికి ఏప్రిల్ వచ్చింది. పై అంతస్తులో ల్యాబు. కాలిపోయే రేకుల కప్పు. పెట్టె బయట టేబుల్ మీద పెట్టిన ప్లేటు కూడా ఆ వేడికి తెల్లగానే వచ్చింది.

"ఏదమ్మా నీ ఎరుపు?" అని సారు అందరి ముందూ నవ్వారు. పక్క బ్యాచ్ వాళ్లు కూడా నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

టేపు తీయనిస్తే ఒట్టు. తీసినా ఆ పెట్టెకు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. మా అమ్మ ఎండాకాలం పాలగిన్నెకు తడిగుడ్డ చుట్టి నీళ్లపళ్లెంలో పెడుతుంది. అదే చేశాను. ప్లేటును స్టీలు డబ్బాలో పెట్టి, తడి గోనె చుట్టి, నీళ్ల తొట్టిలో నిలబెట్టి, పైన ఫ్యాన్ వేశాను. గోనె ఆరినప్పుడల్లా తడపడం నా పని. లోపలి థర్మామీటరు ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది.

ఒకే కాలనీని, అంటే ఒకే క్రిమి పెరిగి కట్టిన చుక్కను, రెండు ప్లేట్ల మీద గీశాం. ఇంక్యుబేటర్‌లోది తెలుపు, గోనెలోది ఎరుపు. అంతటితో వదల్లేదు. ఎరుపులోంచి తీసి వెచ్చగా పెట్టాను, తెల్లగా పెరిగింది. తెలుపులోంచి తీసి చల్లగా పెట్టాను, ఎర్రగా పెరిగింది.

ఈసారి సారు లోపలికి వచ్చారు. మూతల మీదుగానే చాలాసేపు చూశారు.

"ఊఁ. ఇది పుస్తకాల్లో ఉన్న విషయమే కదా."

"మరి అప్పుడెందుకు పారేయించిన్రు సార్?"

"అప్పుడు నీ దగ్గర రుజువు లేదు కదమ్మా. ఆ కంటామినేషన్ వాక్యం తీసేయ్, సంతకం పెడతా."

"అది నేను రాయనేలేదు సార్, తీసేయడానికి. మీరు పొరపాటు పడ్డరని ఒక్క మాట అనున్రి."

స్నేహితురాలు నా మోచేయి గిల్లింది. సారు కాగితాలు లాక్కుని సంతకం పెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయారు.

"అయిపాయె గద, ఇంక నడువు," అంది ఆమె.

నేను నడవలేదు. టీ తాగి మనిషి వెనక్కి రాక తప్పదని ఆయన కుర్చీ ఎదురుగా కూర్చున్నాను. ఆయన అటునుంచి అటే బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయారని అటెండరు వచ్చి ల్యాబుకు తాళం వేస్తూ చెప్పాడు.