నీడన ఆరాల్సిన బూట్లు

మోకాలి నొప్పికని మా ఆవిడ ఆముదం వెచ్చజేసినప్పుడల్లా మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వెనక వరండా, అక్కడ గోడకు ఆనించిన యాదగిరి మామ ఫుట్‌బాల్ బూట్లు కళ్లముందుకొస్తాయి.

మామ మా అమ్మకు తమ్ముడు. ఆటకు జీతమివ్వడం అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో కలకత్తా వెళ్లి, ఒక క్లబ్బుకు నాలుగేళ్లు ఆడి, తిరిగొచ్చి మా ఊరి జట్టులో చేరాడు. మైదానం నడిమధ్య ఆయన చోటు. గోల్ కొట్టినవాణ్ని జనం భుజాలకెత్తుకుంటే, ఆ బంతి అందించిన మామ నిమ్మచెక్క చప్పరిస్తూ వెనక నడిచేవాడు.

వానాకాలం సాయంత్రాలు అమ్మమ్మ కాల్చే మొక్కజొన్న పొత్తుల పొగ, ఇంజన్ల బొగ్గు వాసన కలిసి వరండాలోకి వస్తుంటే, నేను ఆయన బురద బూట్లు కడిగి, లోపల పాత పేపర్లు కుక్కి, ఆరాక ఆముదం పట్టించేవాణ్ని.

"సెగ తగిల్తె పలుగుతయ్ అల్లుడా, నీడకే పెట్టాలె," అనేవాడు.

ఆ ఏడు తిరుమలగిరిలో ఫైనల్. ఎదుటి జట్టు మామ పాత కలకత్తా క్లబ్బే. ముందురోజు వానకు నానిన బూట్లు ఎంతకూ ఆరకపోతే, గోలీలాటకు ఆలస్యమవుతోందని వాటిని నీళ్లపొయ్యి పక్కన పెట్టి పరిగెత్తాను. వచ్చేసరికి తోలు అప్పడంలా బిగుసుకుంది. పైన ఆముదం దట్టంగా పూసి ఊరుకున్నాను.

ఆట ముగుస్తుందనగా బంతి కోసం మళ్లిన మామ కుడి బూటు అడుగు నోరు తెరిచింది. గీత పక్కనే కూర్చున్న నాకు కనిపించింది. గట్టు మీది జనానికి కనిపించింది ఆయన పడటమే. ఎదుటి జట్టు గోల్ కొట్టి గెలిచింది.

"పడలే, పడ్డట్టు జేసిండు. పాత ఉప్పు యాదికొచ్చింది," అన్నారెవరో.

"ఇంకేంది, మల్ల కలకత్తాకే పోతడు బాబుమోషాయ్!" అని ఇంకొకాయన బెంగాలీ మాటతో వెక్కిరించి నవ్వాడు.

నేను నోరు విప్పలేదు. మామ బూట్లు తువ్వాలులో చుట్టేసుకుని, అడిగిన వాళ్లందరికీ కాలు జారిందనే చెప్పాడు. ఇంటికొచ్చాక ఎప్పటిలాగే వాటిని నా చేతికిచ్చాడు.

"నీడకు పెట్టు అల్లుడా."

ఆయనకు తెలుసని అప్పుడు అర్థమైంది.

మరుసటేడు జట్టు ఆయన్ని పిలవలేదు. చనిపోయేదాకా వాడ పిల్లలకు ఆట నేర్పాడు. "బంతి వొచ్చినంక గాదు, రాకముందే చూడు ఎవరికియ్యాల్నో," అని ఆయన అరిచిన మైదానంలో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. మొన్న ఒక పెళ్లిలో మామ పేరెత్తితే, "ఆ కలకత్తోళ్లకు అమ్ముడువోయినాయనేనా?" అన్నాడొక ముసలాయన.

కాదు. ఆ బూట్లను పొయ్యి పక్కన పెట్టింది నేను.

ఫైనల్ అయిన ఆ సాయంత్రం మాత్రం నీడనే పెట్టాను. బాగా ఆరాయి. మళ్లీ ఎన్నడూ తడవలేదు.