బేబి కీబోర్డులో ఒక్క నీలం స్విచ్

నర్సీపట్నం రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే ఉమామహేశ్వరరావు గదిలో టైపు చేసేది బేబి. టైపు మిషను మీద నేర్చిన చెయ్యి. కంప్యూటరు వచ్చాక కూడా కీని అడుగంటా గుద్దడం మానలేదు. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి బొటనవేళ్లు తప్ప మిగతా వేళ్ల కణుపులన్నీ వాచిపోతున్నాయి. టీ గ్లాసు పట్టు దొరకదు. మెత్తటి కీబోర్డు కొనుక్కో, లేకపోతే టైపు మానుకో అన్నాడు డాక్టరు. మానుకుంటే ఆమెకు వచ్చిన పని ఇంకొకటి లేదు.

కంప్యూటర్ల కొట్టు నాగేంద్ర విశాఖ నుంచి చిన్న మెకానికల్ కీబోర్డు తెప్పించాడు. పక్కన అంకెల మీటలు ఉండవు గనక వేలిముద్రల సిరా డబ్బాకు బల్ల మీద చోటు మిగులుతుంది. ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్. నీలం రకం టక్కుమంటుంది, కాస్త బిగువు. ఎరుపు రకం చడీచప్పుడు లేకుండా దిగిపోతుంది.

"ఎరుపే ఎయ్యి."

"ఎన్ని కీబోర్డులు సంపేసినారక్కా! దీన్నైనా బతకనీయండి."

ఉమామహేశ్వరరావుకు చూపు తగ్గి చాలా కాలమైంది. తెర వైపు చూడడు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని చెబుతాడు. కీల చప్పుడు ఆగగానే తర్వాతి ముక్క అందిస్తాడు. కొత్త కీబోర్డు పెట్టిన రోజు చప్పుడే లేదు. ఆయన ఆగకుండా పొలం హద్దులు చెప్పుకుపోయాడు. బేబి దక్షిణం దగ్గర ఉండగానే ఆయన ఉత్తరం చేరుకున్నాడు.

పొలం కొంటున్న బలిఘట్టం సింహాద్రమ్మ కాగితం చదివించుకుని వింది.

"మూడేపులే సెప్పినారేటి? పడమరేపు గట్టు మీరుంచేసుకున్నారేటి?"

రేపటికి సరిగ్గా కొట్టి ఉంచమని చెప్పి వెళ్లిపోయింది.

"టైపు సేస్తన్నావా, పిండి పిసుకుతన్నావా?" అన్నాడు ఉమామహేశ్వరరావు. "నాకేటీ ఇనబడదు. పాతది తగిలించు."

"తగిలిస్తే రేపట్నించి మీరే కొట్టుకోవాలండి."

"కళ్లుంటే నిన్నెందుకు పెట్టుకుందును?"

బేబి కీబోర్డు చంకన పెట్టుకుని నాగేంద్ర కొట్టుకు వెళ్లింది. మొత్తం నీలానికి మార్చేస్తానన్నాడతను. నీలం స్విచ్చుల బోర్డు మీద ఒక వాక్యం కొట్టి చూసిందామె. కణుపులు సలిపాయి.

"ఇందులోవి ఒక్కోటీ ఊడొస్తాయా?"

"ఏది కావాలంటే అది ఊడొస్తాదక్కా."

ఆమె స్పేస్ బార్ మీద బొటనవేలు పెట్టింది. "అయితే దీని కింద ఒక్కటీ నీలం ఎయ్యి."

"ఒక్కదానికా? అలాగెవరూ ఏయించుకోరక్కా."

"మా గురువుగారి లాగ సెవితో సదివేవోళ్లూ ఎవరూ లేరు."

మర్నాడు సింహాద్రమ్మ ఎదురుగా కూర్చుంది. మాట మాటకీ బొటనవేలి కింద టక్కు వినబడింది. టక్కు ఆగినప్పుడల్లా ఉమామహేశ్వరరావు, కళ్లు తెరవకుండానే, తర్వాతి హద్దు చెప్పాడు. పడమర వచ్చినప్పుడు సింహాద్రమ్మ వేలు మడిచింది.

"ఈ పని నిన్నే సెయ్యలేపోయావా?" అన్నాడాయన, కాగితం మీద సంతకం పెడుతూ.

టీ వచ్చింది. బేబి గ్లాసు అందుకుంది.