ఎంగిలి కాని కాఫీ

లారీ డ్రైవరు హోటల్లో కాఫీ తాగడు. ఎంతమంది మూతులు తగిలిన గ్లాసో అని ఆయనకు రోత. అందుకే దారి పక్కన బండి ఆపి, టైరు చాటున కిరసనాయిలు స్టవ్వు వెలిగిస్తాడు. మరిగే నీళ్లలో గ్రీజు వేళ్లతోనే పొడి వేస్తాడు. భుజం మీది తువ్వాలు గ్లాసుపై పరిచి వడకడతాడు. పిప్పి మిగిలితే పిండుతాడు కూడా.

ఈసారి తోడొచ్చిన బావమరిది గ్లాసు ముట్టలేదు. "ఇందాక దీంతోనేగా బావా, చంకలు తుడుచుకున్నావ్?"

"అది ఆ కొసరా. వడకట్టింది ఈ కొస." చూపిద్దామని తువ్వాలు ఎత్తాడు. రెండు కొసలూ ఒకే రంగులో ఉన్నాయి. కాసేపు అటూ ఇటూ తిప్పి, చివరికి రెండూ వాసన చూశాడు. ఏమీ తేలలేదు.

"నువ్వు ఎంగిలి చెయ్యలేదు కదా?" అని అడిగి, బావమరిది గ్లాసు కూడా తనే తాగేశాడు.