లోపలి పిడి

మా ఆయన నాకు కారు తలుపు తీసేవాడు. డెబ్బైల చివరి రోజుల్లో మదనపల్లెలో పెండ్లానికి కారు తలుపు తీసే మొగుడంటే చిన్న సంగతి కాదు. పుంగనూరులో ఆయన చెల్లెలి ఇంటి ముందు బండి ఆగితే, తను ముందు దిగి, బానెట్ చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు లాగి పట్టుకొని నిలబడేవాడు. వీధంతా చూసేది. మా ఆడబిడ్డ మూతి తిప్పుకొని, "మాయన్నను సూడండమ్మా, దొరల మాదిరి పెండ్లానికి తలుపు తీస్తాండాడు" అని పక్కింటివాళ్లకు వినపడేలా అనేది. నేను తల వంచుకొని దిగేదాన్ని. సిగ్గుపడుతున్నానని అందరూ అనుకునేవాళ్లు.

అసలు సంగతేమంటే, ఆ తలుపు లోపలినుంచి రాదు. లోపలి పిడి ఎంత లాగినా ఊరికే వేలాడుతుంది. బయటినుంచి ఎవరైనా తీస్తేనే నేను దిగాలి.

అది రెండే తలుపుల చిన్న కారు. మా ఆయన టమోటా మండీలో కమిషను వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండులో తెచ్చినాడు. ఒక తలుపు ఆయనది, ఇంకొకటి నాది. నా వైపు అద్దం కూడా అంతంతమాత్రమే, బెత్తెడు దిగి ఆగిపోయేది, ఆ సందులో చెయ్యి పెట్టినా బయటి పిడి అందేది కాదు. ఆయన వైపు జరిగి దిగొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఆయన దిగేటప్పుడు తన తలుపుకు తాళం వేసి, చెవి జేబులో వేసుకొని పోయేవాడు. చెవి లేకుంటే ఆ తాళం లోపలినుంచీ రాదు. పలమనేరులో హోటలు ముందు బండి ఆపి, లోపల ఫ్యాను కింద కూర్చొని దోసె తిని, కాఫీ తాగి, పేపరు చదివి వచ్చేవాడు. నేను ఎండలో ఆ బెత్తెడు సందు దగ్గర ముక్కు పెట్టుకొని కూర్చునేదాన్ని. ఒంటేలుకు పోవాల్సి వచ్చినా అంతే. దారిన పోయేవాణ్ణి పిలిచి తలుపు తీయమని అడగొచ్చు, నిజమే. అడిగితే ఆయన పరువు పోతుంది. ఆ పరువుకు ఇంటికి పోయాక నేను జవాబు చెప్పుకోవాలి.

"రిపేరు చేయించకూడదా?" అంటే ఆయన దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. సామాను మదరాసు నుంచి రావాల, మెకానిక్కు తీరిక లేదు, ఈ నెల టమోటా ధర పడిపోయింది. ఇవన్నీ ఆయన నవ్వుతూనే చెప్పేవాడు. కోపంగా చెప్పుంటే నాకు అప్పుడే అనుమానం వచ్చుండేది.

పుంగనూరులో ఆ తలుపు మర్యాద. కుప్పంలో అదే తలుపు శిక్ష.

కుప్పం మా పుట్టిల్లు. నాన్న పోయినాక అమ్మ, అన్న ఆ ఇంట్లో ఉండేవాళ్లు. అన్న పెండ్లిలో భోజనాల దగ్గర ఒక తప్పు జరిగింది. ఇంటి అల్లుడి ఆకులో వడ్డించకముందే, తాలూకాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఆకులో పాయసం పడింది. వడ్డించినవాడు ఎవరో వంట మనిషి, మా ఆయన మొహం కూడా ఎరగడు. మా ఆయన ఆకు ముందు నుంచి లేచినాడు. అన్న పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాడు, అమ్మ కాళ్ల దాకా వంగింది. ఆయన పందిట్లో అందరికీ వినపడేలా, "ఈ గడప నేను తొక్కను, నా పెండ్లామూ తొక్కదు" అన్నాడు. అన్నమాట మీద నిలబడే మనిషని మండీలో ఆయనకు మంచి పేరు.

అయితే పెండ్లాన్ని పుట్టింటికి పంపని మొగుడని పేరు తెచ్చుకోవడం కూడా ఆయనకు ఇష్టంలేదు. అందుకని ఏడాదికోసారి నన్ను కారులో ఎక్కించుకొని, పుంగనూరు, పలమనేరు, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం తీసుకుపోయేవాడు. మా ఇంటి ముందు బండి ఆపి, ఇంజను ఆపి, హారను కొట్టేవాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకొని ఎదురుగా రోడ్డును చూస్తూ కూర్చునేవాడు. అమ్మ బయటికి వచ్చేది. అన్న వచ్చేవాడు కాదు, వదిన తలుపు చాటున నిలబడేది.

మొదటిసారి అమ్మ ఒడిబియ్యం పళ్లెం పట్టుకొనే వచ్చింది. ఆడపిల్ల పుట్టింటికి వస్తే పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఒడిలో పోసి, రవికగుడ్డ, కొబ్బరికాయ పెట్టి పంపాలి. పీట వసారాలో వేసి, ముగ్గు కూడా పెట్టి ఉంది. నాకు కారులో నుంచి కనిపిస్తానే ఉండింది.

"దిగమ్మా" అంది అమ్మ.

"తలుపు చెడిపోయిండాది అత్తా. లోపల్నించి రాదు" అన్నాడు మా ఆయన, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే.

ఆమె తలుపును చూసింది. నన్ను చూసింది. బయటి పిడి ఆమె నడుముకు తగిలేంత దగ్గరలో ఉండింది. ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది. "బయట నుంచి లాగమ్మా" అందామని నోరు తెరిచి, పక్కనున్న మనిషి వైపు చూసి మూసుకున్నాను. కారంటే ఎరగని మనిషి, ఆమెకు తెలియదు పాపం అనుకున్నాను.

"అట్లనా అప్పా" అంది అమ్మ. తర్వాత బియ్యం పిడికిట్లో తీసుకొని, ఆ బెత్తెడు సందులో నుంచి చెయ్యి లోపలికి పెట్టి నా ఒడిలో పోసింది. సగం సీటు మీద, సగం కింద పడ్డాయి. గాజులు అద్దానికి కొట్టుకున్నాయి. రవికగుడ్డ మడిచి తోసింది. కొబ్బరికాయ పట్టలేదు. అటు తిప్పి, ఇటు తిప్పి చూసి, వెనక్కి తీసుకుపోయింది. వెనక్కి వచ్చేటప్పుడు మా ఆయన దారంతా సీటులో బియ్యం గింజలు గుచ్చుకుంటాండాయని సణుగుతూనే ఉన్నాడు.

మరుసటేడు అమ్మ కొబ్బరికాయ తేలేదు. సందులో పట్టేలా ఎండుకొబ్బరి చిప్పలు తెచ్చింది. "తలుపు ఇంకా బాగు కాలేదాప్పా?" అని అల్లుణ్ణి అడిగింది. "సామాను రాలేదత్తా" అన్నాడు ఆయన. "బాగైతే దిగుదువులే, ఏముండాది" అని ఆమె నాతో అంది. ఏటేటా ఆ మాటే. ఆ తలుపు ఒక్కటి బాగైతే అమ్మ వసారాలో పీట మీద కూర్చుంటాను, ఆమె చేత్తో పెట్టిన అన్నం తింటాను అని నేను నమ్మినాను. నాకింకేమీ వద్దనిపించేది.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో మా ఆయన టమోటా లోడ్డుతో లారీలో మదరాసు పోయినాడు. కారు ఇంటి ముందు చింతచెట్టు నీడలో ఉంది. చెవి దేవుడి గూట్లో పెట్టి పోయినాడు. ఆడది కారు చెవిని ఏం చేసుకుంటుందని ధీమా.

కుప్పంలో మా నాన్నకు స్కూటరు ఉండేది. క్లచ్ వైరు తెగినప్పుడల్లా ఇంటి వసారాలోనే మార్చేవాడు, రెండో కొస పట్టుకునేది నేను. పిడి లాగితే వైరు లాగుతుంది, వైరు అవతల ఉన్నదాన్ని లాగుతుంది. కారు తలుపుకైనా అంతకంటే ఏముంటుందిలే అనుకున్నాను. బజారుకు పోయి స్కూటరు సామాన్ల అంగడిలో క్లచ్ వైరు అడిగాను. అంగడి సాయిబు, "ఏ బండికి అమ్మా?" అన్నాడు. "మా తమ్ముడి బండికి" అన్నాను. నాకు తమ్ముడు లేడు.

మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా తిరగని వేళ పని మొదలుపెట్టాను. పిడి చుట్టూ ఉన్న స్క్రూలు సులువుగానే వచ్చాయి. అద్దం దించే హ్యాండిలుకు లోపల ఒక పిన్ను ఉంది. అది రాకుండా నా ప్రాణం తోడేసింది. చివరికి జడపిన్నుతో పొడిస్తే ఎగిరి ఎక్కడో పడి, చీర కుచ్చిళ్లలో దొరికింది. తలుపుకు లోపలివైపు తొడిగిన రెక్సిన్ అట్ట క్లిప్పులతో బిగించి ఉంది. దాని కింద దోసెలు తిప్పే అట్లకాడ దూర్చి మెల్లగా లేపాను. క్లిప్పు ఊడినప్పుడల్లా టప్పుమనేది, నేను వీధివైపు చూసేదాన్ని.

అట్ట తీసి చూస్తే లోపల పాత గ్రీజు కంపు, దుమ్ము, ఎప్పటివో రెండు బియ్యం గింజలు. పిడి దగ్గర నుంచి ఒక వైరు బయలుదేరి సగంలో ఆగిపోయింది. మిగతా సగం తాళం దగ్గర వేలాడుతోంది. రెండు కొసలూ చేతిలోకి తీసుకొని చూశాను.

తెగిన వైరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నూలు పోగుల్లా విడిపోయి, వేలికి గుచ్చుకుంటుంది. ఇవి విడిపోలేదు. పోగులన్నీ ఒకే చోట, నున్నగా, సమానంగా ఆగిపోయినాయి. కటింగ్ ప్లేయరుతో ఒక్క నొక్కు నొక్కితే అలా తెగుతుంది. ఆ కటింగ్ ప్లేయరు ఆ కారు డిక్కీలోనే, పసుపుపచ్చ గుడ్డసంచిలో ఉండేది. అప్పటికి నేను పనిచేస్తున్నది దానితోనే.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఆ మనిషి కూర్చొని, ఈ అట్ట ఊడదీసి, ఈ వైరు తెంపి, మళ్లీ స్క్రూలన్నీ ఓపికగా బిగించి, చేతులు కడుక్కొని, నేను పెట్టిన అన్నం తిన్నాడు. ఇంట్లో నాకు ఒక మేకైనా కొట్టిపెట్టిన మనిషి కాదు.

పాత ముక్కలు లాగేసి కొత్త వైరు దూర్చాను. దాని కొసన ఉన్న చిన్న సీసపు గుండు పిడి వెనక గాడిలో సరిగ్గా కూర్చుంది. రెండో కొస తాళం దగ్గర బిగించాను. మొదట మరీ బిర్రుగా బిగించినట్టున్నాను, తలుపు మూస్తే పట్టలేదు. వదులు చేస్తే పిడి ఊరికే వేలాడింది. మళ్లీ మళ్లీ విప్పి బిగించాను. గోళ్లు విరిగినాయి. చివరికి లోపల కూర్చొని, తలుపు మూసుకొని, పిడి లాగాను. టక్కుమని తెరుచుకుంది. మళ్లీ మూసి మళ్లీ తెరిచాను. ఆ మధ్యాహ్నం ఒక్కదాన్నే కారులో కూర్చొని పిచ్చిదానిలా నవ్వినాను.

అట్ట బిగించేసి, అద్దం మాత్రం ముట్టుకోలేదు. అది ఎప్పటిలాగే బెత్తెడే దిగాలి. ఆయనకు తెలియకూడదు. తర్వాత పుంగనూరులో ఎప్పటిలాగే ఆయన చుట్టి వచ్చి తలుపు తీసినాడు, నేను ఎప్పటిలాగే తల వంచుకొని దిగినాను. ఆ సారి నిజంగానే నవ్వు దాచుకోవడానికి.

ఆ ఏడు కుప్పం పోయినాం. బండి ఆగింది. హారను మోగింది. అమ్మ పళ్లెంతో వచ్చింది, ఎండుకొబ్బరి చిప్పలతో సహా. ఆమె అద్దం దగ్గరికి రాకముందే నేను పిడి లాగాను.

తలుపు తెరుచుకుంది. నేను దిగి మా వీధిలో నిలబడ్డాను.

మా ఆయన పిడి వైపు చూసినాడు, నా వైపు చూసినాడు. అరవలేదు. అదే నవ్వు. "ఓహో" అన్నాడు. "సరే, దిగినావు గదా. ఉండు. మీయమ్మ కాడే ఉండు." బండి స్టార్టు చేసినాడు.

నేను వసారా వైపు ఒకడుగు వేశాను. అమ్మ పళ్లెం బానెట్ మీద పెట్టేసి నా రెక్క పట్టుకుంది. ముసలిదానికి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో.

"ఎక్కు పాపా."

"అమ్మా, తలుపు బాగైంది. నేనే బాగుచేసినా."

"తలుపుకేమొచ్చె? బయట్నించి లాగితే రాదా? నాకు తెలీదా ఏమి? ఎక్కు ముందు. ఆయప్ప పోతాండాడు."

"పోనీ అమ్మా."

"పోతే నువ్వు యాడుంటావు? ఈడనా? మీ వదిన సూస్తాండాది. ఎక్కు."

నన్ను సీటులోకి తోసింది. తలుపు మూసింది. సరిగా పడిందో లేదోనని బయటి పిడి పట్టుకొని ఒకసారి కదిలించి చూసింది. అన్నేళ్లలో అమ్మ చెయ్యి ఆ పిడి మీద పడటం అదే మొదటిసారి. తర్వాత పళ్లెం తీసుకొని, సందులో నుంచి ఎప్పటిలాగే పిడికిళ్లతో బియ్యం పోసింది. "ఏమీ మనసులో పెట్టుకోవద్దప్పా, చిన్నది, తెలీక దిగింది" అని అల్లుడికి చెప్పింది. అప్పటికి నాకు ముప్పై దాటినాయి.

వెనక్కి వస్తూ పుంగనూరులో ఆడబిడ్డ ఇంటి ముందు ఆగినాం. మా ఆయన దిగి నేరుగా లోపలికి పోయినాడు. ఈసారి నా వైపు రాలేదు, తన తలుపుకు తాళం కూడా వేయలేదు. నేను పిడి లాగి దిగినాను. ఆడబిడ్డ అన్నను చూసి, నన్ను చూసి, మూతి తిప్పుకొని లోపలికి పోయింది.

ఆ కారు ఇంకా చాలా ఏళ్లు మా దగ్గరే ఉంది. ఆయన నాకు మళ్లీ తలుపు తీయలేదు. ఆ వైరునూ మళ్లీ తెంపలేదు. తెంపాల్సిన పని లేకపోయింది.