ఒకటో నంబరు ఇల్లు

మా సంఘం కార్యదర్శి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను తమిళనాడులోని ధర్మపురి బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్లో పనిచేసే రోజుల్లో, మా తెలుగువాళ్ల పెళ్లి సంబంధాల పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాను. రెండే పట్టికలు. ఒకదాంట్లో ఇళ్లు: నంబరు, ఇంటిపేరు, ఊరు. రెండోదాంట్లో పెళ్లీడు పిల్లలు, ఒక్కొక్కరి పక్కన వాళ్లింటి నంబరు. ఇంటిపేరు ఒకటైతే మాలో అన్నాచెల్లెళ్ల వరస, ఇక సంబంధం మాటే ఎత్తరు. అందుకే ఆ నంబరు తప్పకూడదు.

ఒకసారి కంప్యూటర్‌కు వైరస్ వచ్చి అంతా పోయింది. నేను జ్వరంతో పెన్నాగరంలో మంచం పట్టి ఉన్నాను. బ్యాకప్ సీడీ ఉంది, ఆదివారం జరిగే సంబంధాల సభలోపు వచ్చి నేనే ఎక్కిస్తానని కబురు పెట్టాను. మహానుభావుడు ఆగితేగా! పిల్లల పట్టికను సీడీలోంచి ఎక్కించి, ఇళ్ల పట్టికను మాత్రం ఒంటివేలితో పొడుస్తూ తనే కొత్తగా కొట్టాడు. ఎందుకంటే నా పట్టికలో వాళ్లిల్లు నలభై మూడోది. గుళ్లో మొదటి మర్యాద అందుకునే ఇంటికి నలభై మూడో నంబరా అని ఎప్పటినుంచో ఉడికిపోతున్నాడు. గుడి మర్యాదల వరసలో ఇళ్లన్నీ పేర్చి, తన ఇంటిని ఒకటో నంబరు చేసుకున్నాడు. ఇళ్లకు కొత్త నంబర్లు వచ్చాయి, పిల్లల దగ్గర పాతవే ఉన్నాయి. ఎవరి పిల్లలు ఎవరింట్లో పడ్డారో దేవుడికే తెలియాలి.

ఆదివారం నేను సభ జరిగే మండపంలోకి వెళ్లేసరికి ఏరియూరు రైతు ఒకాయన నిలబడి మొత్తుకుంటున్నాడు. రెండేళ్లు తిరగ్గా ఆయన కూతురికి ఒక సంబంధం దాదాపు కుదిరింది. కార్యదర్శి మైకులో చదివిన కాగితంలో ఆ పిల్లదీ అబ్బాయిదీ ఒకే ఇంటిపేరు. అది మాది కాదని తండ్రి అంటుంటే, మగపెళ్లివాళ్లు మొహాలు ముడుచుకుని లేచారు. పిల్ల తల ఎత్తలేదు.

కార్యదర్శి నా వైపు వేలు చూపించాడు. "కంప్యూటర్లో ఉండేదే చదివినాను. కొట్టినది ఈ పాపే, దాన్నే అడుగు."

నోటిదాకా వచ్చిన తిట్టును దిగమింగుకున్నాను. ఆయన ముందున్న కంప్యూటర్లో చూడగానే ఆయన చేసిన నిర్వాకం కనపడింది. ఇళ్లను కూడా సీడీ నుంచి పాత నంబర్లతోనే మళ్లీ ఎక్కించాలన్నాను. సభ ముగిశాక చూద్దాం, ఇప్పుడు మారిస్తే పరువు పోతుందన్నాడు. అప్పుడు తెరమీద ఆయన కొడుకు పేరున్న వరసమీద వేలు పెట్టాను. పొలం గట్టు కోసం పదేళ్లుగా వీళ్లతో కోర్టులో కొట్లాడుతున్న, పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే ఇంటిపేరు ఉందక్కడ.

"మామా, మీవాడు వాళ్లింటి బిడ్డంట. ఇదీ మైకులో చదవండి."

వెంటనే కుర్చీ ఖాళీ చేశాడు. అరగంటలో అంతా సరిచేసి కొత్త కాగితం తీశాను. అప్పటికే మగపెళ్లివాళ్లు సేలం బస్సెక్కేశారు. అచ్చులోనైనా తమ ఇల్లు పైన వచ్చేట్టు చూడమని కార్యదర్శి నా చెవిలో గొణుగుతున్నాడు.

రైతుకు చదువు రాదు. వాళ్ల ఇంటిపేరు ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. కాసేపు దాన్నే చూసి కాగితం నాకు తిరిగి ఇచ్చేశాడు.

"ఇదే కదమ్మా నేను పొద్దున్నించి చెప్పినది" అని కూతురిని లేవమన్నాడు.